పావుగంట నడిచి ఆగిపోయే టిల్లరు

టిల్లరు రిపేరులోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు నిలబడటం నేర్చుకోవాలి. చెడిపోయిన బండి పక్కన, దాని యజమాని మన ముఖంలోకే చూస్తుండగా, మనకు ఏమీ అర్థం కానప్పుడు, పారిపోకుండా నిలబడటం. స్పానరు పట్టుకోవడం ఎవరైనా నేర్పిస్తారు. ఈ నిలబడే విద్య ఏ ట్రైనింగులోనూ చెప్పరు. చెబితే సగంమంది ట్రైనింగులోంచే లేచి వెళ్ళిపోతారని కాబోలు.

నేను ఈ పనిలోకి బియస్సీ ఫిజిక్సు చదివి వచ్చాను. తిరుపతిలో ఒక వ్యవసాయ యంత్రాల షాపులో బిల్లులు రాయడానికి మనిషి కావాలంటే వెళ్ళాను. అక్కడి మెకానిక్కు పెళ్ళికని ఊరికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయన పెళ్ళికే వెళ్ళాడని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. "బియస్సీ అంటే ఇంజన్లు చదివింటావు గదా" అని ఓనరు నా చేతికి స్పానరు ఇచ్చాడు. నేను శ్రద్ధగా చదివింది కాంతి గురించి. టిల్లరు లోపల అది పెద్దగా కనిపించలేదు.

మా నాయనకు ఇది నచ్చలేదు. కొడుకును డిగ్రీ చదివించింది తాడు లాగడానికి కాదని ఆయన అభిప్రాయం. స్టార్టింగు తాడుకు వేరే అభిప్రాయం ఉండింది. నేను రిటైరయ్యేదాకా దాని మాటే చెల్లింది.

నేను ఇక్కడ చెప్పేది గార్డెన్ టిల్లరు గురించి. రెండు హ్యాండిళ్ళు, మధ్యలో చిన్న పెట్రోలు ఇంజను, కింద చక్రాలకు బదులు గిరగిరా తిరిగే బ్లేడ్లు. పూలు, కూరగాయలు వేసే చిన్న కయ్యల్లో, అంటే మడుల్లో, ట్రాక్టరు తిరగలేని చోట ఇది తిరుగుతుంది. కొత్తలో అది యంత్రం. పాతబడ్డాక చుట్టం. ఎప్పుడు అలుగుతుందో, ఎందుకు అలుగుతుందో, ఎవరితో మాత్రం మాట్లాడుతుందో తెలుసుకుని మసలుకోవాలి.

దొరస్వామన్న సిద్ధాంతాలు

మా ఓనరు దొరస్వామన్న. తెల్ల పంచె, తెల్ల చొక్కా, గ్రీజు డబ్బా మూత తీస్తేనే రెండడుగులు వెనక్కి. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. ఎప్పుడూ "బియస్సీ" అనేవాడు.

ఒకసారి సత్యవేడు నుంచి ఒక రైతు టిల్లరును ఆటోలో వేసుకుని వచ్చాడు. పక్కన బామ్మర్ది. "దీనికి ఉసురు పోయినాది సార్. తాడు లాగి లాగి నా సెయ్యి కూడా పోయినాది" అన్నాడు. చూస్తే పెట్రోలు ట్యాపు మూసి ఉంది. నవ్వుకుంటూ దాని మీద వేలు పెట్టబోయాను. అంతలో లోపల నుంచి దొరస్వామన్న కేకేశాడు.

"బియస్సీ, ఇట్ల రా. ట్యాపేనా?"

"ట్యాపే అన్నా."

"అంత దూరం నించి ఆటో కట్టుకోని వచ్చినాడప్పా. బామ్మర్ది ముందర ట్యాపు తిప్పి పంపిస్తే ఇంగ జన్మలో అత్తగారింటికి పోగలడా? పో, రవంత సేపు ఏదో ఒకటి విప్పు."

ఎయిరు ఫిల్టరు విప్పి దులిపాను. ప్లగ్గు తీసి తుడిచాను. వాళ్ళిద్దరూ టీ తాగి వచ్చేలోపు ట్యాపు తిప్పాను. ఒక్క లాగుకే స్టార్టయింది. రైతు బామ్మర్ది వైపు తిరిగి, "నేను సెప్పలా? లోపల పెద్ద కంప్లైంటే అని" అన్నాడు. బండి ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు అసలు సంగతి ఆయన చెవిలో మాత్రం వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. దొరస్వామన్న ఆ రోజు ఏమీ తీసుకోలేదు. తీసుకుని ఉంటే మోసమయ్యేది. తీసుకోలేదు గనుక మర్యాద అయింది. బండి ఎందుకు ఆగిందన్నది ఒక ప్రశ్న. ఆ సంగతి మనిషికి ఎలా చెప్పాలన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు ఏ మాన్యువల్‌లోనూ లేదు, దొరస్వామన్న దగ్గర ఉండేది.

ఆయన రెండో సిద్ధాంతంతో మాత్రం నాకు పొత్తు కుదరలేదు. "పాత బండికి ఆయుస్సు పోసేదానికి మనమేమన్నా ఆస్పత్రి పెట్టినామా? కొత్తది అమ్మితేనే షట్టరు లేస్తాది" అనేవాడు. షాపు ఆయనది గనుక ఆయన ప్రకారం అది న్యాయమే. కానీ షట్టరు లేపేది నేను. నాకు తెలిసినంతవరకు పాత బండి బాగుచేసి పంపిన రోజు కూడా అది లేస్తూనే ఉండింది.

పాత బండి దగ్గర నడుచుకునే పద్ధతి

రెండు మాటలు చెప్పి అసలు కథకు వస్తాను.

ముందు పెట్రోలు, తర్వాత ప్లగ్గు నిప్పు, తర్వాత గాలి. ఈ వరసలో చూడండి. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలు పెట్రోలు కాదు, జిగురు. దాన్ని పారబోయడానికి రైతు ఒప్పుకోడు. "పోసినప్పుడు బాగనే ఉండిందే" అంటాడు. పోసినప్పుడు మనమందరం బాగానే ఉన్నాం.

బ్లేడ్లు విప్పి బిగించినవాళ్ళు కుడివి ఎడమకు, ఎడమవి కుడికి వేసి ఉంటారు. అప్పుడు బండి నేలను కొరకదు, నిమురుతుంది. వెనకాల భూమిలోకి దిగే ఇనుప కమ్మి ఒకటి ఉంటుంది. అడ్డమొస్తోందని చాలామంది దాన్ని పీకి పందిరికి వాడుకుంటారు. అది బ్రేకు లాంటిది. అది లేకపోతే టిల్లరు సంతకు తోలుకెళ్ళే పొట్టేలులా పరుగెత్తుతుంది, పట్టుకున్నవాడు దాని వెనక పరుగెత్తుతాడు. చూసేవాళ్ళకు బాగుంటుంది.

నడిపేటప్పుడు లాగకూడదు, తొయ్యకూడదు. హ్యాండిలు కొంచెం కిందికి నొక్కితే కమ్మి దిగి బండి నిదానిస్తుంది, లోతుగా దున్నుతుంది. కొంచెం ఎత్తితే ముందుకు నడుస్తుంది. మిగతా అంతా వెంట నడవడమే. బలమున్న మగవాళ్ళు దీన్ని నేర్చుకోలేక చాలా అవస్థ పడటం చూశాను.

చెంగమ్మక్క తోటలో

చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో చెంగమ్మక్క ఉంటుంది. నాకన్నా కొంచెం పెద్దది. ఇంటి పక్కనే ఒక కయ్యలో బంతి, చామంతి వేసి తిరుపతి పూలంగళ్ళకు పంపుతుంది. ఆమె టిల్లరు మా షాపులో కొన్నదే, చాలా పాతది. దాని జబ్బేమిటంటే పావుగంట నడిచి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది, మళ్ళీ పావుగంటకు ఆగిపోతుంది. ఊళ్ళో మెకానిక్కులు ప్లగ్గు మార్చారు, కార్బొరేటరు కడిగారు, కాయిలు కొత్తది వేశారు. మా షెడ్డుకు తెస్తే పొద్దంతా ఆగకుండా నడిచింది. ఏ రోగమూ లేదని నేనే తిప్పి పంపాను. పంపిన మూడో రోజు ఫోను వచ్చింది.

"బియస్సీ, నువ్వే పో" అన్నాడు దొరస్వామన్న. "పోయి, ఇది ఇంగ బాగుపడదని ఒక్క మాట సెప్పేసి రా. వాళ్ళ కొడుకు గిరి డీజిల్ టిల్లరు తీసుకుంటానంటా ఉండాడు. సాయంత్రం నేను టెంపోలో దాన్ని ఏసుకోని వస్తా."

నేను వెళ్ళేసరికి తల్లీకొడుకులిద్దరూ కయ్య గట్టున ఉన్నారు. ముందు రోజు రాత్రి మంచి వాన పడింది. తడి ఆరీ ఆరకుండా ఉన్న అలాంటి నేలకు మా వైపు పదును అంటాం. పదునులో దున్నితే మన్ను పిండిలా విడిపోతుంది. అది దాటితే పెళ్ళలు లేస్తాయి, నాటిన నారు బతకదు. గట్టు మీద బంతి నారు తట్టల్లో సిద్ధంగా ఉంది. ఎండ కూడా సిద్ధంగానే ఉంది.

"షెడ్డులో బాగా నడిచింది కదక్కా?" అన్నాను.

"మీ తావ నడస్తాది, నా తావ నడవదు. పుట్టింట్లో ఆడి పాడి, అత్తింట్లో అడుగు పెడితే తలనొప్పి అనే కోడలి మాదిరి ఉండాది నీ బండి."

"నా బండి కాదక్కా, నీదే."

"బాగయితే నాది. అంతదాకా నీదే."

గిరి మంచివాడు. ఆవులున్నాయి, పాలు డైరీకి పోస్తాడు. "సార్, దీన్ని ఇంగ ఇడిచిపెట్టేయమని మీరైనా సెప్పండి. డీజిల్ది వస్తే కయ్యంతా ఒక్క గంటలో లేస్తాది. ఈడ గడ్డి ఏసుకుంటా. నా ఆవులు గడ్డి లేక నన్ను సూస్తా ఉండాయి, తినేసేటట్లు" అన్నాడు.

"సూడనీ" అంది చెంగమ్మక్క. "అబ్బోడా, ఆ పెద్ద బండి నువ్వు తిప్పగలవు. నేను తిప్పగలనా? ఇదయితే పొద్దున్నే నేనే లేస్తా, నేనే తాడు లాగతా, నేనే దున్నుకుంటా. ఎవురినీ బతిమాలేది లేదు. అది వచ్చినాదంటే, నీ పాలు పిండేది అయ్యి, డైరీ అయ్యి, నీ ఫోను మాటలయ్యి నువ్వు వచ్చేతలికి నా పదును ఆకాశానికి పోతాది."

"నేను రానా మా?"

"వస్తావు నాయనా. పోయిన తూరి గూడా వచ్చినావు. నారు ముదిరినాక."

చివరకు తల్లీకొడుకులు ఒక మాట అనుకున్నారు. సాయంత్రం టెంపో వచ్చేలోగా ఈ పాత టిల్లరు కయ్యంతా దున్నితే అది పూలతోటగానే ఉంటుంది, ఆమె చేతి కిందే ఉంటుంది. దున్నకపోతే పాత బండి టెంపో ఎక్కుతుంది, కయ్యలోకి గడ్డి వస్తుంది. ఈ ఒప్పందానికి సాక్షి నేను. ముద్దాయి కూడా నేనే అని తర్వాత తట్టింది.

తాడు లాగాను. రెండో లాగుకే అందుకుంది. చెంగమ్మక్క హ్యాండిలు పట్టుకుని సాలు పోసింది. దూడ వెంట నడిచినట్టు, తొందర లేకుండా. నాలుగు సాళ్ళు అందంగా వచ్చాయి. ఐదో సాలు మధ్యలో ఇంజను గొంతు తగ్గింది, రెండుసార్లు దగ్గింది, ఆగింది.

"సూసినారా!" అన్నాడు గిరి. ఆ అబ్బాయికి ఇంత సంతోషం ఆవు ఈనినప్పుడు కూడా కలిగి ఉండదు.

ప్లగ్గు తీసి చూశాను, నిప్పు బాగుంది. కార్బొరేటరు కింది స్క్రూ వదులు చేశాను. అక్కడి నుంచి పెట్రోలు కారాలి. ఒక్క చుక్క రాలేదు. ట్యాంకులో చూద్దామని మూత తిప్పాను. సుయ్‌మని చిన్న శబ్దం వచ్చింది, లోపల సగానికి పైగా పెట్రోలుంది. మూత పెట్టి తాడు లాగితే బండి బుద్ధిగా స్టార్టయింది. పైపులో నలుసేదో ఉండి కదిలిపోయిందని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాను. ఇంకో నాలుగు సాళ్ళయ్యాక మళ్ళీ దగ్గింది, మళ్ళీ ఆగింది.

ఎండ ముదురుతోంది. చెంగమ్మక్క వంగి మన్ను పిడికిట్లోకి తీసుకుని నలిపి చూసింది. అంతవరకు నన్ను తిట్టిన మనిషి తిట్టడం మానేసింది. ఈ వృత్తిలో అంతకన్నా ప్రమాద సూచన లేదు.

నిలబడ్డాను. మీకు మొదట్లో చెప్పిన ఆ నిలబడటమే. అలా నిలబడి ఉండగా తట్టింది. ఇంతసేపూ ఏది విప్పితే బాగవుతుందా అని చూస్తున్నాను. ఏది మూస్తే ఆగుతోందో చూడటం లేదు. మూత తీస్తే నడుస్తోంది, మూత పెట్టాక ఆగుతోంది. మా షెడ్డులో ఇంజను పరీక్షించేటప్పుడు ట్యాంకు విప్పి పక్కన పెట్టి, పైన వేలాడగట్టిన సీసాలోంచి పెట్రోలు ఇస్తాం. అంటే ఆ రోజంతా నడిచిన ఇంజనుకు ఈ మూతతో పరిచయమే లేదు.

నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె సరిగ్గా రాదు. గాలికి రెండో చిల్లి పెట్టాలి. వంటింట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది. టిల్లరు ట్యాంకు మూత నడినెత్తిన కూడా గాలి కోసం సూదిమొనంత చిల్లి ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. చదివిన ఫిజిక్సు ఇన్నేళ్ళకు నన్ను వెతుక్కుంటూ చంద్రగిరి దాకా వచ్చింది.

మూతను చేతిలోకి తీసుకుని చూశాను. ప్రతి శుక్రవారం చెంగమ్మక్క బండిని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెడుతుంది. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ, పెట్రోలు తడికి ముద్దై, ఎండకు గట్టిపడి, పైకప్పు సిమెంటు అంత మందాన ఉంది. బొట్టు సరిగ్గా మూత మధ్యలో ఉంది. చిల్లి కూడా సరిగ్గా మధ్యలోనే ఉంటుంది. మూత చేసినవాడూ, బొట్టు పెట్టిన మనిషీ ఇద్దరూ కొలతలో నిక్కచ్చి.

ఇప్పుడు ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలి? నేను మాటలు వెతుక్కుంటుండగానే గిరి నా భుజం మీదుగా తొంగి చూసి పసిగట్టాడు. "ఏంది సార్, అమ్మ బొట్టు పెట్టిన తావనే చిల్లి ఉండాదా?" అని పకపకా నవ్వాడు.

చెంగమ్మక్క నవ్వలేదు. మూతను చూసింది, నన్ను చూసింది.

"ఒక్క శుక్రవారం తప్పలేదే నేను. అంటే నేనే దీని గొంతు పిసికినానా?"

"గొంతు కాదక్కా" అన్నాను. "ముక్కు."

ఊరటగా ఉంటుందని అన్నాను. ఆమె గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, మూతను నా చేతిలోంచి లాక్కుని, గట్టు మీద కూర్చుని తానే గోకడం మొదలుపెట్టింది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. చిల్లి కనిపించాక నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. గాలి అవతలకు పోయింది. అప్పుడు తలెత్తి అడిగింది.

"ముక్కు ఇది. మరి దీని నొసలు యాడ? సెప్పు. సదువుకున్నోడివి గదా."

నాకు డిగ్రీలో ఈ ప్రశ్న రాలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాను.

"ఈ ముందున్న రేకు మీద పెట్టక్కా."

"అది కాళ్ళ తావ. బురద తొక్కేదానికి బొట్టు పెడతారా ఎవరన్నా?"

"హ్యాండిలు?"

"చేతులు."

"ఈ గుండ్రటి డబ్బా..." అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది ఎయిరు ఫిల్టరు. "వద్దు. ఇది ఇంకో ముక్కు."

"ఈ జల్లెడ మాదిరి ఉండేది?"

"అదీ గాలి పీల్చేదే అక్కా."

"అన్నీ ముక్కులే అయితే నొసలు లేకుండా ఎట్ల పుట్టినాదప్పా ఇది?"

గిరి గట్టు మీద కూలబడి నవ్వుతున్నాడు. చివరకు బెల్టు మీది రేకు మూత కనిపించింది. చదునుగా, ఎక్కడా చిల్లి లేకుండా ఉంది. "ఇక్కడ ఎంతయినా పెట్టుకో అక్కా."

"పక్కన గదా ఉండాది? అది చెంప."

"చెంపకు దిష్టి చుక్క పెడతారు కదా."

చెంగమ్మక్క ఆలోచించింది. మూత తిప్పి బిగిస్తూ అంది: "అది నిజమే. ఇంత దిష్టి తగిలినదాన్ని నేను యాడా సూడలా."

తాడు ఆమే లాగింది. నేను ఒకచోట కూర్చున్నాను. పావుగంట దాటింది. ఇంజను గొంతు మారలేదు. అరగంట దాటింది. గిరి నవ్వు ఆగింది గానీ ఇంజను ఆగలేదు. మధ్యలో రెండుసార్లు పెట్రోలు పోయడానికి ఆపారు, అంతే. కయ్య చివరి గట్టు దగ్గర సన్నటి కొస మిగిలి ఉండగా రోడ్డు మీద టెంపో హారను మోగింది.

దొరస్వామన్న దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వెనక టెంపోలో కొత్త డీజిల్ టిల్లరు, దానికి పూలదండ. ఆయన కయ్యను చూశాడు, పాత బండిని చూశాడు, నన్ను మాత్రం బాగా చూశాడు.

"బియస్సీ, నిన్ను దేనికి పంపినాను?"

"బండి చూడమని అన్నా."

"సూసినావా?"

"చూశాను. నడుస్తోంది."

"అది నాకూ కనపడతా ఉండాది. కంప్లైంటు ఏంది?"

నేను నసిగాను. అంతమంది ముందు ఆమె బొట్టు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. చెంగమ్మక్క ఇంజను ఆపకుండానే, ఇంజను కన్నా గట్టిగా అరిచి చెప్పింది:

"కంప్లైంటు నేనే దొరస్వామీ! శుక్రవారం శుక్రవారం దానికి ఊపిరాడకుండా బొట్టు పెట్టినా. ఈ పొద్దు పిన్నీసుతో నేనే తీసినా. మీ మెకానిక్కు పక్కన నిలబడి బాగా సాయం సేసినాడు!"

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నా పనిని ఇంత కచ్చితంగా వర్ణించిన కస్టమరు ఇంకొకరు లేరు. దొరస్వామన్న మొదట నవ్వు ఆపుకోవడానికి చూశాడు, తర్వాత టెంపోకు ఆనుకుని నవ్వాడు. టెంపో డ్రైవరు దిగి, ఏమిటో తెలియకుండానే తనూ నవ్వాడు.

నారు నాటడానికి మనుషులు చాలలేదు. పొద్దు వాలుతోంది, పదును ఎవరి కోసమూ ఆగదు. "ఊరికే నిలబడుకుంటే ఎట్ల? దిగండి" అంది చెంగమ్మక్క. డ్రైవరు దిగాడు, నేను దిగాను. దొరస్వామన్న పంచె ఎగ్గట్టి, చెప్పులు గట్టు మీద విడిచి, తట్ట పట్టుకున్నాడు. టెంపోలోని కొత్త టిల్లరు దండ వేసుకుని కూర్చుని చూసింది. మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు వదలమంటే దొరస్వామన్న తన షాపులో బండ్ల మధ్య వదిలినట్టు మూరెడు వదిలాడు. అవన్నీ చెంగమ్మక్క వెనకాలే పీకి మళ్ళీ నాటింది.

గిరి ఒక్కడే గట్టు మీద ఉండిపోయాడు. మిగిలిన ఆ సన్నటి కొస చూపించి గెలిచానని వాదించడానికి వాడికే మొహం చెల్లలేదు. ఓడిపోయినవాడు ఎటు చూడాలో తెలియక, టిల్లరు వైపు చూస్తున్నాడు.

"రా నాయనా" అని పిలిచింది చెంగమ్మక్క. "ఆ కొస మిగిలినాది. నువ్వు దున్ను."

వాడు వచ్చి హ్యాండిళ్ళు రెండూ ఎద్దు కొమ్ముల్లా పట్టుకున్నాడు. "లాగొద్దు, తొయ్యొద్దు, ఎంట నడువు" అని ఆమె చెబుతూనే ఉంది. వాడు లాగాడు, తోశాడు, బండి ఒకసారి నిమ్మచెట్టు వైపు, ఒకసారి దొరస్వామన్న వైపు పోయింది. దొరస్వామన్న తట్టతో సహా తప్పుకున్నాడు. గిరి చెమటలు కక్కుతూ చివరికి చేరి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మిగతా కయ్యంతా గీత గీసినట్టుంది. ఆ కొసన ఒక్క సాలు మాత్రం పాము వెళ్ళినట్టు పోయింది.

చెంగమ్మక్క నడుముకు చేతులు ఆనించి ఆ సాలును ఈ చివర నుంచి ఆ చివరి దాకా తీరిగ్గా చూసింది.

"పోనీలే నాయనా. దాంట్లో గడ్డి ఏసుకో" అంది. "నీ ఆవులు వంకర సూడవు."